డిజిటల్ మాధ్యమాల చదువు మన ఊళ్ల నుంచి, మన భాషలో మొదలుకావాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

డిగ్రీ ఫలితాలు వచ్చి, పీజీ ప్రవేశ పరీక్షలైన తెలంగాణలో సీపీగెట్‌కూ ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్‌కూ పిల్లలు దరఖాస్తులు పెట్టుకునే రోజులివి. ఇరవై రెండేళ్లు జర్నలిజం పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న నాకు ఏటా ఈ సమయంలో తల్లిదండ్రుల నుంచి ఫోన్లు వస్తుంటాయి. మొన్న మా వీధిలోనే ఉండే ఒక తండ్రి కూతుర్ని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చారు. అమ్మాయి బీకాం పూర్తిచేసింది. జర్నలిజం విభాగంలో చేరి డిజిటల్, సామాజిక మాధ్యమాల గురించి చదువుతానంటోంది. "మాస్టారూ, మూడు నెలల్లో డిజిటల్ మార్కెటింగ్ నేర్పి ఉద్యోగం చూపిస్తామని అమీర్‌పేటలో ఎంతోమంది చెబుతున్నారు. ఫేస్‌బుక్కూ యూట్యూబూ చదవడానికి రెండేళ్లు యూనివర్సిటీకి వెళ్లాలా?" అని ఆయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అప్పటికప్పుడు నేను చెప్పిన సమాధానం నాకే తృప్తినివ్వలేదు. నాలుగు రోజులు ఆలోచించిన మీదట ఈ ఉత్తరం రాస్తున్నాను.

కోచింగ్ సెంటర్లో మూడు నెలల్లో నేర్పేదే విశ్వవిద్యాలయం రెండేళ్లకు సాగదీసి నేర్పితే ఆ తండ్రి అనుమానమే నిజమవుతుంది. కొన్నిచోట్ల అలాగే జరుగుతున్నదని చెప్పడానికి బాధగా ఉంది. ఒక విభాగానికి ఆ మధ్య వైవా పరీక్షకుడిగా వెళ్లాను. నా ముందుకు వచ్చిన ప్రాజెక్టు నివేదికల్లో సగానికి పైగా "యువతపై సామాజిక మాధ్యమాల ప్రభావం" అనే ఒకే విషయాన్ని అటూ ఇటూ తిప్పి రాసినవి. హాస్టల్లోని వంద మంది స్నేహితులకు వాట్సాప్‌లో గూగుల్ ఫామ్ పంపడం, వచ్చిన జవాబులను రంగురంగుల వృత్తాలుగా గీయడం, ప్రభావం ఉందని తేల్చడం, ఇంతకు మించి వాటిలో పరిశోధన లేదు. ఆ వంద మందినే ఎందుకు అడిగావని ఒక విద్యార్థిని ప్రశ్నించాను. "వాళ్ల నంబర్లే నా దగ్గర ఉన్నాయి సార్" అన్నాడు. ఆ అబ్బాయి నిజాయతీగానే చెప్పాడు, నేను అతన్ని తప్పుపట్టను. నమూనాను ఎలా ఎంచుకోవాలో, ప్రశ్నలోనే జవాబు దాగి ఉండకుండా ప్రశ్న ఎలా రాయాలో ఆ రెండేళ్లలో అతనికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. మిగతా నివేదికలు చానల్ ఎలా పెట్టాలి, థంబ్‌నెయిల్ ఎలా చేయాలి, వ్యూస్ ఎలా పెంచుకోవాలి అన్నవి. అవి తెలియాల్సిన పనులే, కాదనను. అయితే ఆ పనులు మన పిల్లలకు ఇంటర్ రెండో ఏడాదికే వచ్చేస్తున్నాయి.

విశ్వవిద్యాలయంలో ఏం చదవాలో ఒక ఉదాహరణతో చెబుతాను. 2021 మే నెలలో, కరోనా రెండో విడత ఉధృతంగా ఉండి ఆస్పత్రుల్లో పడకలూ ఆక్సిజనూ దొరకని సమయంలో, నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య గారు ఉచితంగా ఇస్తున్న మందు సంగతి మనందరికీ గుర్తే. ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో నోటిమాటగా ఉన్న కబురు యూట్యూబ్ చానళ్లకూ వాట్సాప్ గ్రూపులకూ ఎక్కింది. మే 21 నాటికి వేలాది మంది, కొందరు అంబులెన్సుల్లో రోగులను వెంటబెట్టుకుని, ఆ ఊరి దారి పట్టారు. ప్రభుత్వం పంపిణీ ఆపించి, పరీక్షలు చేయించి, నెలాఖరున కంటి చుక్కలు తప్ప మిగిలిన మందులకు అనుమతి ఇచ్చింది. ఆ మందు మంచిచెడ్డలు వైద్యులు తేల్చాల్సినవి, నేను వాటి జోలికి పోను. జర్నలిజం విద్యార్థికి అక్కడ వేరే ప్రశ్నలున్నాయి. మొదటి వీడియో ఎవరు తీశారు, ఎన్ని రోజులకు అది జిల్లా దాటింది? కోలుకున్నానని ఒక రోగి చెప్పిన వీడియో ఊరూరా తిరిగింది కదా, ఆ రోగే కొద్ది రోజులకు ఆస్పత్రిలో కన్నుమూశారన్న వార్త కూడా అదే గ్రూపుల్లోకి వెళ్లిందా? ఒంగోలు నుంచో కడప నుంచో బయల్దేరిన మనిషి ఎవరి మాట నమ్మి బయల్దేరాడు, తెరమీది ముఖాన్నా, ఆ వీడియో పంపిన బావమరిదినా? టీవీ చానళ్లు సామాజిక మాధ్యమాల వెంట నడిచాయా, వాటిని ముందుండి నడిపించాయా? ఒక్క సెమిస్టర్ పాటు పదిమంది విద్యార్థులు ఆ ఊరికీ చుట్టుపక్కల ఊళ్లకూ వెళ్లి, మనుషులతో కూర్చుని మాట్లాడి, తేదీల వారీగా వీడియోలు పోగుచేసి ఈ సంగతులు రాసి ఉంటే, దేశంలో ఏ విశ్వవిద్యాలయమైనా తన విద్యార్థుల ముందు పెట్టదగిన పాఠం తయారయ్యేది.

అంతకు మూడేళ్ల ముందు, 2018 మే నెలలో, పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని, పార్థీ గ్యాంగు అనే దోపిడీ ముఠా వచ్చిందని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాట్సాప్‌లో పుకార్లు చెలరేగాయి. తెలియని ముఖం కనిపిస్తే జనం పట్టుకుని కొట్టారు. ఆ ఏడాది జులై 1న మహారాష్ట్రలోని ధులే జిల్లా రెయిన్‌పాడలో ఇలాంటి అనుమానంతోనే ఐదుగురిని కొట్టి చంపారు. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపే వీలు లేకుండా చేసింది; 2019 జనవరిలో అదే పరిమితిని ప్రపంచమంతటికీ వర్తింపజేసింది. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు వాట్సాప్ ఆ మార్పు చేసేదాకా చూస్తూ కూర్చోలేదు. పోలీసులను ఊళ్లకు పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, రచ్చబండ దగ్గర జనానికి ఆ సందేశాలు అబద్ధమని చెప్పించారు. ఫోన్‌లో వచ్చిన మాటకు జవాబు డప్పు మీద వెళ్లింది. పల్లెలో ఒక కబురు నమ్మదగినదా కాదా అని జనం ఎలా నిర్ణయించుకుంటారో తెలిసినవాళ్లు చేసిన పని అది. విశ్వవిద్యాలయంలో సిద్ధాంతాలు చెప్పేటప్పుడు పాశ్చాత్య పండితుల పేర్లతో పాటు ఈ గద్వాల అనుభవాన్ని కూడా పాఠంగా పెట్టాలని నా అభిప్రాయం.

చట్టం విషయానికి వస్తే నాకు ఆందోళన ఎక్కువ. యూట్యూబ్ నుంచి ప్రకటనల ఆదాయం రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ ఉండాలని జర్నలిజం విద్యార్థులందరికీ తెలుసు. అత్యాచార బాధితురాలి పేరు గానీ ఆమెను గుర్తుపట్టే వివరాలు గానీ ప్రచురిస్తే రెండేళ్ల వరకూ జైలుశిక్ష పడవచ్చని మాత్రం చాలామందికి తెలియదు. అది నిన్నటిదాకా భారత శిక్షాస్మృతిలో 228ఎ సెక్షన్, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్. బాధితులు పిల్లలైతే పోక్సో చట్టం 23వ సెక్షన్ కూడా ఉంది. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో పశువైద్యురాలిపై జరిగిన ఘోరం తర్వాత ఆమె పేరూ ఫొటో హ్యాష్‌ట్యాగులుగా దేశమంతా తిరిగాయి. వాటిని ఆపడానికి పోలీసులు ఆమెను "దిశ"గా పిలవమని కోరాల్సి వచ్చింది. సానుభూతితోనే పంచుకున్నవాళ్లు లక్షల్లో ఉండి ఉంటారు. వాళ్లలో జర్నలిజం చదువుకున్నవాళ్లూ ఉన్నారు, నా దగ్గర చదువుకున్నవాళ్లూ ఉన్నారు. ఆ వారం నాకు నిద్ర పట్టలేదు. ఆ పాఠం నేను ఇంకా గట్టిగా చెప్పి ఉండాల్సిందన్న బాధ నన్ను ఇప్పటికీ వదల్లేదు.

చట్టం రెండోవైపు కూడా అంతే ముఖ్యం. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన సందేశం పెడితే జైలుకు పంపే ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. అయినా ఆ సెక్షన్ కింద కేసులు నమోదవుతూనే ఉన్నాయని తెలిసి 2021లో అదే న్యాయస్థానం దిగ్భ్రాంతి వ్యక్తం చేసింది. రేపు మండల కేంద్రంలో చిన్న చానల్ నడిపే కుర్రాడిని స్టేషన్‌కు పిలిచి ఏ సెక్షన్ చెప్పినా, అది ఉన్నదో లేనిదో అతనికి తెలిసి ఉండాలి. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నిబంధనలు డిజిటల్ వార్తలకు ఏ నియమావళి పెట్టాయో, ఫిర్యాదు ఎవరికి చేయాలో తెలిసి ఉండాలి. ఇవి రీలు తీయడంతో పాటు వచ్చే విద్యలు కావు, ఓపికగా కూర్చోబెట్టి చెప్పాల్సినవి.

2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని వేరొకరి వీడియోకు అతికించిన డీప్‌ఫేక్ దేశాన్ని కుదిపింది. ఆ కేసులో 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఒక యువకుణ్ణి ఆంధ్రప్రదేశ్‌లో అరెస్టు చేసి, తన పేజీకి అనుచరులను పెంచుకోవడానికే అతను ఆ పని చేశాడని ప్రకటించారు. అతని నేరం తేల్చడం కోర్టు పని. పోలీసులు చెప్పిన ఆ కారణం మాత్రం ఒక ఉపాధ్యాయుడిగా నన్ను కలచివేసింది. అనుచరుల సంఖ్య పెంచడమే విద్యగా నేర్పే చోట, ఎవరి గౌరవాన్ని పణంగా పెట్టి పెంచుతున్నావని అడిగే గురువు కూడా ఉండి తీరాలి.

నిజానిజాలు తేల్చే పద్ధతి గురించి ఒక మాట. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ఒక అధ్యయనం ప్రకటించారు. పదిమంది చరిత్రాచార్యులకు, పదిమంది వృత్తి నిజనిర్ధారకులకు, ఇరవై ఐదు మంది విద్యార్థులకు కొన్ని వెబ్‌సైట్లు చూపించి నమ్మదగినవేవో చెప్పమన్నారు. చరిత్రాచార్యులూ విద్యార్థులూ ఆ పేజీనే పైనుంచి కిందికి శ్రద్ధగా చదివి, అందమైన లోగోలకూ గంభీరమైన భాషకూ తరచూ మోసపోయారు. నిజనిర్ధారకులు ఆ పేజీలో ఎక్కువసేపు ఉండకుండా వేరే కిటికీలు తెరిచి, దాని వెనుక ఎవరున్నారో బయట వెతికి, తక్కువ సమయంలో సరైన తీర్పు చెప్పారు. పెళ్లి సంబంధం వస్తే ఆ ఇంట్లోనే కూర్చుని వాళ్లు చెప్పుకున్నదంతా వినం, ఊళ్లో నలుగురినీ విచారిస్తాం కదా. ఇదీ అదే పద్ధతి. దీన్ని తరగతిలో రెండు గంటల్లో చెప్పవచ్చు. తెలుగులో సాధన చేయించబోతే మాత్రం ఒక అడ్డంకి ఎదురవుతుంది. అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలు, అంటే యూనికోడ్, తెలుగు లిపికి 1991 నుంచి ఉన్నా, మన పత్రికలు, ప్రచురణకర్తలు ఏళ్ల తరబడి యూనికోడ్ కాని అను ఫాంట్ల వంటి వాటిలోనే పేజీలు కట్టారు. ఆ అక్షరాలు సెర్చ్ ఇంజన్‌కు అక్షరాలుగా కనిపించవు. ఈ-పేపర్‌లో చూస్తే అవి బొమ్మలు. వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక పాత క్లిప్పింగు అసలుదో నకిలీదో తేల్చాలంటే ఆ రోజు పత్రిక గ్రంథాలయంలో దొరకాలి, లేదా పాత ఉద్యోగి జ్ఞాపకం పనిచేయాలి. మా విద్యార్థులు ఎన్నోసార్లు అక్కడే ఆగిపోయారు.

భాష ప్రస్తావన వచ్చింది కనుక దాని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, మన్నించండి. 2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల 11 లక్షల మంది. వీళ్లు సామాజిక మాధ్యమాల్లో రాసే తెలుగులో చాలా భాగం తెలుగు లిపిలో ఉండదు. వేలికి సులువైన ఇంగ్లిషు అక్షరాల్లో, గోదావరి యాసలో, తెలంగాణ యాసలో, సినిమా మాటలు కలిపి రాస్తారు. ఒకే "అన్నా" అన్న పిలుపు అభిమానం కావచ్చు, హెచ్చరిక కావచ్చు, వెక్కిరింపు కావచ్చు. హీరోను ఆకాశానికెత్తే "ఎలివేషన్" అంటే ఏమిటో, ఒక కులం పేరు ఎత్తకుండానే ఆ కులాన్ని తిట్టే మాటలు ఏవో మన పిల్లలకు చెప్పనక్కరలేదు. ఆ మాటల తీవ్రత కంపెనీల యంత్రాలకు తెలియకపోతే తిట్టు అలాగే ఉండిపోతుంది, నిరసన తొలగిపోతుంది. ఈ తెలుగును వర్గీకరించి, అర్థాలు రాసి, ఉదాహరణలు పోగుచేయగలిగినవాళ్లు మన విభాగాల్లోనే ఉన్నారు. అయితే వాళ్ల సిద్ధాంత వ్యాసాలు చాలాచోట్ల ఇంగ్లిషులోనే ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ చదువులన్నీ ఇంగ్లిషు మాధ్యమంలోకి మారాయి. ఒక విద్యార్థిని తెలుగు వ్యాఖ్యల్లోని వెటకారం మీద పని చేసి, దాన్ని ఇంగ్లిషులో వివరించలేక ఆ అధ్యాయాన్నే తీసేసింది. ఆమె నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకున్న ఆ అధ్యాయం నేను చదివాను. ఆమె సమర్పించిన మొత్తం నివేదిక కంటే అది విలువైనది.

1926లో గోలకొండ పత్రికను నిలబెట్టిన సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు ఇప్పుడు హైదరాబాద్‌లోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఉంది. ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ప్రాంగణంలో విద్యార్థులు 90.4 ఎఫ్ఎం మీద సొంత రేడియో నడుపుతున్నారు. ఈ వారసత్వం, ఈ వనరులు ఉన్న చోట, డిజిటల్ మాధ్యమాల మీద తెలుగులో ఒక ప్రామాణిక పాఠ్యగ్రంథం, తెలుగులో సిద్ధాంత వ్యాసం రాసే హక్కు కోరడం అత్యాశ కాదు.

రెండేళ్లకోసారి మారిపోయే వేదికల గురించి సిలబస్ రాస్తే అది అచ్చయ్యేలోపే పాతబడుతుందని కొందరు మిత్రులు అంటారు. వాళ్ల మాటలో నిజం ఉంది. 2020 జూన్ 29న కేంద్రం 59 యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్ రాత్రికి రాత్రి పోయింది; దాని మీద పేరు తెచ్చుకున్న పల్లెటూరి కళాకారులు అభిమానులను అక్కడే వదిలేసి వేరే యాప్‌లలో మొదటినుంచి మొదలుపెట్టారు. అందుకే వేదిక వాడకాన్ని సిలబస్‌లో చిన్న భాగానికి పరిమితం చేయాలంటాను. పుకారు ఎలా పుడుతుంది, దాన్ని ఎవరు నమ్ముతారు, చూసే మనిషి సమయం ఎవరికి డబ్బుగా మారుతుంది, మనకు ఏది కనిపించాలో ఎవరు నిర్ణయిస్తున్నారు అన్న ప్రశ్నలు టిక్‌టాక్‌తో పోలేదు, రీల్స్‌తో రాలేదు.

పరిశోధనకు సమాచారం దొరకడం కూడా ఏటికేడు కష్టమవుతోంది. ట్విటర్ (ఇప్పటి ఎక్స్) ఒకప్పుడు పరిశోధకులు ట్వీట్ల సమాచారం తీసుకోవడానికి ఉచితంగా ఇచ్చిన సౌకర్యాన్ని 2023లో ఆపేసింది. ఫేస్‌బుక్ పోస్టులు ఎలా వ్యాపిస్తున్నాయో చూపే క్రౌడ్‌టాంగిల్ అనే సాధనాన్ని ఫేస్‌బుక్ యజమాని సంస్థ మెటా 2024 ఆగస్టు 14న మూసివేసి, దరఖాస్తు చేసుకున్న విద్యాసంస్థలకు మాత్రం వేరే ఏర్పాటు పెట్టింది. ఐరోపా సమాఖ్య తన డిజిటల్ సేవల చట్టం 40వ అధికరణంలో, పెద్ద వేదికలు అర్హులైన పరిశోధకులకు సమాచారం ఇచ్చి తీరాలని నిర్దేశించింది. మనకు అలాంటి హక్కు లేదు. 2023 నాటి మన డేటా పరిరక్షణ చట్టం పరిశోధనకు కొన్ని షరతులతో మినహాయింపు ఇస్తోంది. ఆ షరతులు చదివి, విద్యార్థి ఏ వ్యాఖ్య వాడుకోవచ్చో, ఎవరి పేరు తీసేయాలో చెప్పగల నైతిక సమీక్షా సంఘం ప్రతి విభాగంలోనూ ఉండాలి. సభ్యులకు చెప్పకుండా కుటుంబ వాట్సాప్ గ్రూపులోని మాటలను ప్రాజెక్టులో పెట్టేసిన నివేదికలు నేను చూశాను. పెట్టిన పిల్లలకు అది తప్పని తోచలేదు, సంతకం చేసిన మాకూ తోచలేదు.

ఇవన్నీ చెప్పడానికి అధ్యాపకులు కావాలి. పాఠానికింత చొప్పున, ఏటా కొత్తగా ఇంటర్వ్యూకు వచ్చే గెస్ట్ ఫ్యాకల్టీతో రెండేళ్ల క్షేత్ర పరిశోధన నడవదు. ఖాళీలు నింపమని ఎన్నో వినతిపత్రాలు వెళ్లాయి కనుక దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయను.

ఆ తండ్రికి నిన్న సాయంత్రం ఫోన్ చేశాను. అమ్మాయిని చేర్పించండి, అయితే చేరే ముందు ఆ విభాగానికి స్వయంగా వెళ్లి మూడు విషయాలు అడగండి అన్నాను: గత ఏడాది విద్యార్థులు ఏ ఊరికి వెళ్లి ఏం అధ్యయనం చేశారు, మాధ్యమ చట్టాలు ఎవరు చెబుతున్నారు, నివేదిక తెలుగులో రాయనిస్తారా. వాటికి సరైన జవాబు వస్తే రెండేళ్లు వృథా కావని మాట ఇచ్చాను. అమ్మాయి ఆ మూడూ కాగితం మీద రాసుకుంది.

సంపాదకులు గారూ, మిమ్మల్ని కూడా ఒకటి కోరుతున్నాను. మీ పత్రిక పాత సంచికలను యూనికోడ్‌లోకి మార్చి, వెతకడానికి వీలుగా, జర్నలిజం విద్యార్థులకు ఉచితంగా అందుబాటులో పెట్టండి. అంతా ఒకేసారి సాధ్యం కాకపోతే జిల్లా పేజీలతో మొదలుపెట్టండి, ఎందుకంటే పుకారు ముందుగా పుట్టేది అక్కడే. అక్షరాలు సరిచూసే పనికి విద్యార్థులను పంపమని నాకు తెలిసిన విభాగాలన్నిటినీ అడుగుతాను. నేనూ వచ్చి కూర్చుంటాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత జర్నలిజం అధ్యాపకుడు,
హైదరాబాద్